ఊ కొట్టే తెర

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ మ్యూజియంలో 2013 ప్రాంతంలో రెండు రోబోలు బడిపిల్లలకు గ్యాలరీలు చూపించడం మొదలుపెట్టాయి. వాటి పేర్లు చెస్టర్, కాస్పరోవ్. తయారుచేసింది ఆ దేశపు ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ. చక్రాల మీద నడుస్తాయి. ఎదురొచ్చిన మనుషులను లేజర్ సాయంతో పసిగట్టి పక్కకు తప్పుకుంటాయి. పైన అన్ని దిక్కులకూ ఒకేసారి చూసే కెమెరా, ముందువైపు ఒక తెర. పక్కనే మ్యూజియం టీచరు నడుస్తూ వస్తువుల కథ చెబుతుంటే, ఎక్కడో దూరాన తరగతి గదిలో కూర్చున్న పిల్లల ముఖాలు ఆ తెర మీద కనిపిస్తుంటాయి.

ఈ ఏర్పాటులో ఒక చక్కటి సంగతి ఉంది. కెమెరా ఒకటే, చూపు మాత్రం ఎవరిది వారిదే. కెమెరా చుట్టూ ఉన్న దృశ్యమంతా ఒక గోళంలా బడికి చేరుతుంది. అందులో ఎటు తిరిగి చూడాలో ప్రతి విద్యార్థీ తన కంప్యూటర్ మీద తానే నిర్ణయించుకుంటాడు. టీచరు కుడివైపు బండిని చూపిస్తుంటే, ఒక పిల్లవాడి కళ్లు ఎడమవైపు అద్దాల పెట్టె మీదకు పోవచ్చు. నిజంగా విహారయాత్రకు వెళ్లిన పిల్లలు చేసేదీ అదే కదా!

ఆ మ్యూజియంలో చూడాలని ఎక్కువమంది అడిగే వస్తువుల్లో ఒక గుర్రం గుండె ఒకటి. 1932లో చనిపోయిన ఫార్ లాప్ అనే పందెం గుర్రం గుండెను అక్కడ ద్రావకంలో భద్రపరిచారు. బరువు 6.2 కిలోలు. మామూలు గుర్రం గుండె దానిలో మూడింట రెండొంతులు కూడా ఉండదు. ఇంత సమాచారం పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాల్లో ఇమిడిపోతుంది. కానీ పిల్లలకు అక్కడే ప్రశ్నలు పుడతాయి. గుండె పెద్దదైతే వేగం పెరుగుతుందా? దాన్ని బయటికి తీసిందెవరు? ఎందుకు దాచారు? ఆ ప్రశ్న అడగడానికి ఒక దారి, జవాబు రావడానికి ఒక మనిషి ఉండటమే ప్రత్యక్ష వీడియో పాఠానికి ప్రాణం.

కథకు ఊ కావాలి

తెలుగిళ్లలో రాత్రిపూట కథ చెప్పే అమ్మమ్మ ముందే షరతు పెడుతుంది: ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే పిల్లవాడు నిద్రలోకి జారుకున్నట్టు లెక్క, కథా అక్కడే ఆగుతుంది. బుర్రకథలో అయితే ఈ పనికి ఇద్దరు మనుషులనే పెట్టుకున్నారు. కథకుడికి ఇరుపక్కలా నిలబడ్డ వంతలు తాళం వేయడంతో ఆగరు, మధ్యమధ్య సందేహాలు అడుగుతారు, జనం అడగాలనుకున్నది తామే అడుగుతారు. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య మాట అటూ ఇటూ నడవాలని మన కథకులకు ఎప్పుడో తెలుసు.

దీన్ని ప్రయోగశాలలో పరీక్షించిన వాళ్లున్నారు. రెండేళ్ల నుంచి రెండున్నరేళ్ల వయసున్న 36 మంది పసివాళ్లకు కొత్త క్రియాపదాలు నేర్పిన ఒక అధ్యయనం 2014లో అమెరికాలో ప్రచురితమైంది. కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని నేర్పారు, కొందరికి వీడియో కాల్‌లో నేర్పారు, కొందరికి ముందే రికార్డు చేసిన వీడియో చూపించారు. ఎదురుగా నేర్చుకున్నవాళ్లకూ, వీడియో కాల్‌లో నేర్చుకున్నవాళ్లకూ మాటలు వచ్చాయి. రికార్డు చూసినవాళ్లకు రాలేదు. రెండు వీడియోల్లోనూ తెర ఉంది. ఒకదానిలో తెర అవతలి మనిషి పిల్లవాడి మాటకూ చేష్టకూ స్పందించాడు, రెండోదానిలో స్పందించలేదు. తేడా అంతా అక్కడే.

పసివాళ్ల మీద చేసిన ప్రయోగం హైస్కూలు పిల్లలకు ఉన్నదున్నట్టు వర్తించదు. అయినా మ్యూజియం టీచర్లు తమ అనుభవంతో చేరుకున్న చోటు కూడా ఇదే. 1990ల నుంచి ప్రపంచంలోని చాలా మ్యూజియాల్లో వాడుకలో ఉన్న ఒక బోధన పద్ధతిని మనస్తత్వ శాస్త్రవేత్త అబిగైల్ హౌసెన్, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం విద్యావిభాగానికి అధిపతిగా పనిచేసిన ఫిలిప్ యెనవైన్ రూపొందించారు. టీచరు బొమ్మను ముందు వివరించకూడదు. మూడు ప్రశ్నలు అడగాలి. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? అలా అనుకోవడానికి నీకు ఏం కనిపించింది? ఇంకా ఏమేం కనిపిస్తున్నాయి? పిల్లలు చెప్పిన ప్రతి మాటనూ టీచరు తన మాటల్లో తిరిగి చెప్పి, బొమ్మలో ఆ చోటును వేలితో చూపించాలి.

రెండో ప్రశ్నలోనే ఈ పద్ధతి బలమంతా ఉంది. అభిప్రాయానికి ఆధారం చూపమంటుంది అది. చరిత్రకారుడు శాసనం ముందు చేసే పనీ, డాక్టరు ఎక్స్‌రే ముందు చేసే పనీ అదే.

ఇక్కడ వీడియో పాఠానికి ఒక అనుకోని సౌలభ్యం దొరుకుతుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో చిత్రం ముందు ఎంతసేపు నిలబడుతున్నారో లెక్కగట్టి 2001లో ప్రచురించారు. సగటు 27 సెకన్లు. సగంమంది 17 సెకన్లకు మించి ఆగలేదు. వీడియో పాఠంలో ఒక పీరియడులో చూపించేది నాలుగైదు వస్తువులే కాబట్టి, ఒక్కోదాని మీద పది నిమిషాలు గడుస్తాయి. కాళ్లతో నడిచి వెళ్లినవాడు దాటుకుపోయే బొమ్మ దగ్గర, తెర ముందు కూర్చున్న తరగతి ఆగిపోతుంది.

టెలిఫోన్ లైన్లలో బొమ్మలు

దూరం నుంచి ముఖం చూసుకుంటూ మాట్లాడే యంత్రాన్ని జనానికి చూపించి అరవయ్యేళ్లు దాటింది. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఏటీ అండ్ టీ సంస్థ పిక్చర్‌ఫోన్‌ను ప్రదర్శనకు పెట్టింది. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు మూడు నిమిషాల కాల్ ఖరీదు 16 డాలర్లు. అంత ఖర్చు పెట్టుకునేవాళ్లు లేక అది నిలబడలేదు.

బడుల దాకా ఇది రావడానికి రెండు పనులు జరగాల్సి వచ్చింది. ఒకటి, మామూలు టెలిఫోన్ లైన్లను డిజిటల్‌గా మార్చడం. రెండోది, కదిలే బొమ్మను ఆ సన్నటి లైన్లలో పట్టేలా కుదించడం. ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ లైనులో ఒక్కో మార్గం సెకనుకు 64 కిలోబిట్లు మోస్తుంది. ఆరు మార్గాలను జడలా అల్లితే 384 కిలోబిట్లు. 1990లో వచ్చిన హెచ్.320 అనే అంతర్జాతీయ ప్రమాణం పుణ్యమా అని వేర్వేరు కంపెనీల యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలిగాయి. అప్పటి మంచి బొమ్మ అంటే అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. ఇప్పటి చవక సెల్‌ఫోన్ తెరలో ఒక మూలకు సరిపోయేంత.

ఆ చిన్న బొమ్మతోనే అమెరికాలో క్లీవ్‌లాండ్ కళా మ్యూజియం 1990ల చివర్లో బడులకు ప్రత్యక్ష పాఠాలు మొదలుపెట్టింది. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ అమెరికన్ కళా మ్యూజియం ‘ఆర్ట్‌ఫుల్ కనెక్షన్స్’ పేరుతో నడిపిన వీడియో పాఠాలు విదేశాల్లోని అమెరికా సైనిక స్థావరాల బడులకూ చేరాయి. తల్లిదండ్రుల ఉద్యోగం వల్ల సొంత దేశానికి దూరంగా పెరుగుతున్న పిల్లలు, తమ దేశ చరిత్రను చిత్రాల్లో చూస్తూ చర్చించే అవకాశం అది. ఇండియానా రాష్ట్రంలో 1994లో మొదలైన సీఐఎల్‌సీ అనే సంస్థ ఇలాంటి పాఠాలన్నిటికీ ఒక జాబితా తయారుచేసింది. ఏ మ్యూజియం ఏ తరగతికి ఏ పాఠం చెబుతుందో టీచర్లు అందులో వెతుక్కోవచ్చు.

స్మిత్‌సోనియన్ కళా మ్యూజియంలో కొరియా నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడిన కళాకారుడు నామ్ జూన్ పైక్ 1995లో చేసిన ఒక పెద్ద కళాఖండం ఉంది. రంగు రంగుల నియాన్ గొట్టాలతో అమెరికా పటం గీసి, ప్రతి రాష్ట్రం లోపలా టీవీలు అమర్చాడు. మొత్తం 336 టీవీలు. దాని పేరు ‘ఎలక్ట్రానిక్ సూపర్ హైవే’. తెరలతో, తీగలతో కలిసిన దేశాన్ని అతను చూపించిన కాలంలోనే, అలాంటి తీగల మీదుగా మ్యూజియాలు తరగతి గదుల్లోకి అడుగుపెట్టాయి.

ఆస్ట్రేలియాలో అయితే ఈ కథ ఇంకా పాతది. అక్కడ పొరుగిల్లు అంటేనే వంద కిలోమీటర్ల దూరంలో ఉండే పల్లెలున్నాయి. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ‘గాలిలో బడి’ మొదలైంది. విమానాల్లో వచ్చి వైద్యం చేసే ‘ఎగిరే డాక్టర్ల’ రేడియో మీద టీచరు పాఠం చెబితే, పిల్లలు తమ ఇంట్లోని రేడియో సెట్టులో జవాబు చెప్పేవారు. బొమ్మ లేదు, గొంతు మాత్రమే. కానీ మాట రెండు వైపులా నడిచింది. కాన్‌బెర్రా రోబోలు ఆ సంప్రదాయానికి మనవలు.

అయిదో వంతు సెకను

ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరు ఆపడానికీ మరొకరు అందుకోవడానికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుంది? ప్రపంచం నలుమూలల నుంచి పది భాషలు తీసుకుని పోల్చిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. సగటున సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో అయిదో వంతు. అంతకన్నా ఆలస్యమైతే ఎదుటివారికి జవాబు తెలియదనో, ఇష్టం లేదనో అనిపిస్తుంది.

వీడియోలో చిక్కు ఇక్కడే. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి లండన్‌కు గాలిలో గీత గీస్తే 7,700 కిలోమీటర్లు. సముద్రం అడుగున కేబుల్ అంతకన్నా చుట్టు తిరిగి వెళ్లినా, ఒక వైపు ప్రయాణం సెకనులో పదో వంతు లోపే ముగుస్తుంది. దానికి కెమెరా బొమ్మను కుదించే సమయం, అవతల విప్పే సమయం, దారిలో ముందూ వెనకా అయిన ముక్కలను వరసలో పెట్టే సమయం కలపాలి. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సంఘం లెక్క.

ఉపగ్రహం మీదుగా పోతే ఆ లెక్క దాటిపోతుంది. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైకి పోయి కిందికి రావడానికే సెకనులో దాదాపు పావు వంతు పడుతుంది. ప్రశ్న వెళ్లి జవాబు వచ్చేసరికి అర సెకను. బడిలో ఒక అమ్మాయి జవాబు మొదలుపెట్టిన క్షణంలోనే, ఆ సంగతి ఇంకా చేరని టీచరు జవాబు రాలేదనుకుని తానే చెప్పేస్తుంది. రెండు గొంతులూ ఢీకొంటాయి, ఇద్దరూ ఆగుతారు. తరవాత అమ్మాయి మళ్లీ నోరు విప్పదు.

అందుకే వీడియో పాఠాలు చెప్పేవాళ్లు మొదట నేర్చుకునేది మౌనం. ప్రశ్న అడిగాక మనసులో అయిదు అంకెలు లెక్కపెడతారు. పిల్లలను పేరు పెట్టి పిలుస్తారు. ‘నీలం చొక్కా బాబు’ అని గుర్తుపట్టి అడుగుతారు. యంత్రం మిగిల్చిన ఖాళీని మనిషి ఓపికతో పూడుస్తాడు.

ఇంకో గొడవ ప్రతిధ్వని. మ్యూజియం టీచరు గొంతు తరగతి గది స్పీకరులోంచి వచ్చి, గోడలకు తగిలి, అక్కడి మైకులో దూరి, మళ్లీ టీచరు చెవికే చేరుతుంది. తన మాట తనకే ఆలస్యంగా వినిపిస్తే మనిషి తడబడతాడు. దీన్ని వదిలించడానికి యంత్రం ఒక లెక్క వేస్తుంది. స్పీకరుకు పంపిన శబ్దం ఏమిటో దానికి తెలుసు. ఆ గదిలో అది ఎలా మారి మైకులోకి వస్తుందో నిమిషనిమిషం అంచనా వేసి, అంత భాగాన్ని మైకు శబ్దంలోంచి తీసేస్తుంది. మిగిలేది పిల్లల గొంతు. గచ్చు నేల, రేకుల కప్పు, పరదాలు లేని కిటికీలు ఉన్న గదిలో ఈ లెక్క కష్టమవుతుంది. ఒక జంపఖానా పరిచి, గోడకు రెండు దుప్పట్లు వేలాడదీస్తే చాలా నయమవుతుంది.

రంగుకు పావలా వంతు

కళ గురించి చెప్పే పాఠానికి వీడియో కుదింపు ఒక వింత ఇబ్బంది తెచ్చిపెడుతుంది. మనిషి కన్ను వెలుగునీడల్లో సన్నటి తేడాలను బాగా పట్టుకుంటుంది, రంగుల్లో అంత సన్నగా పట్టుకోలేదు. ఈ బలహీనతను వాడుకుని, మామూలు వీడియోలో వెలుగు సమాచారాన్ని పూర్తిగా పంపి, రంగు సమాచారాన్ని నాలుగో వంతు చుక్కలకే పంపుతారు. పైగా బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, కిందటి ఫ్రేముతో పోలిస్తే మారిన గళ్లను మాత్రమే పంపుతారు. గోడ మారలేదు, మనిషి చెయ్యి మాత్రమే కదిలింది అనుకుంటే, చెయ్యి ఉన్న గళ్లే ప్రయాణిస్తాయి. సంభాషణకు ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. తైలవర్ణ చిత్రంలో కుంచె జాడలకు మాత్రం కాదు. సన్నటి గీతలు ముద్దగా, నున్నగా మారిపోతాయి.

దీనికి మందు 2003లో వచ్చింది. హెచ్.239 అనే ప్రమాణం ఒకే కాల్‌లో రెండు మార్గాలు ఇచ్చింది. ఒకదానిలో టీచరు ముఖం కదులుతూ వస్తుంది, రెండోదానిలో చిత్రం నిశ్చలంగా, స్పష్టంగా వస్తుంది. ఇప్పుడు వీడియో మీటింగుల్లో అందరూ వాడే ‘స్క్రీన్ షేరింగ్’ దీనికి వారసుడే.

ఆ రెండో మార్గంలో ఈ రోజు పంపగలిగే బొమ్మల స్థాయి మ్యూజియంలో నిలబడ్డవాడికి కూడా అందనిది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం, రెంబ్రాంట్ గీసిన ‘నైట్ వాచ్’ చిత్రాన్ని 8,439 ఫోటోలుగా తీసి అతికించి 2022 జనవరిలో విడుదల చేసింది. 71,700 కోట్ల చుక్కలు! ఒక చుక్కకూ పక్క చుక్కకూ మధ్య దూరం 5 మైక్రోమీటర్లు, అంటే మన వెంట్రుక మందంలో పదో వంతుకు అటూ ఇటూగా. గ్యాలరీలో తాడు కట్టిన గీత దాటడానికి వీల్లేని పిల్లవాడు, తెర మీద రంగు పగుళ్ల లోపలికి దిగగలడు.

మరి టీచరు నేరుగా గ్యాలరీలోనే నిలబడి చెప్పవచ్చు కదా? కొన్నిచోట్ల చెబుతారు. చాలాచోట్ల కుదరదు. కారణం వెలుతురు. కాగితం, బట్ట మీది రంగులు వెలుగుకు వెలిసిపోతాయి, ఆ నష్టం ఏటికేడూ కూడుతూ పోతుంది, వెనక్కి రాదు. అందుకే అలాంటి వస్తువుల మీద 50 లక్స్‌కు మించి కాంతి పడనివ్వరు. తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ దాకా ఒప్పుకుంటారు. మన తరగతి గదిలో మామూలుగా ఉండే వెలుతురే 300 లక్స్. మూడున్నర శతాబ్దాల కిందట గోల్కొండ రాజ్యంలో అద్దిన కలంకారీ గుడ్డలు ఇవాళ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిమీద టీవీ స్టూడియో దీపాలు వేయమంటే ఏ సంరక్షకుడూ ఒప్పుకోడు.

అందుకని చాలా మ్యూజియాలు ఒక చిన్న స్టూడియో కట్టుకుని, టీచరు వెనక ఆకుపచ్చ తెర కడతాయి. కంప్యూటర్ ఆ పచ్చదనాన్ని తీసేసి అక్కడ చిత్రాన్ని నింపుతుంది. టీచరు బొమ్మలోకి నడిచి వెళ్లినట్టు కనిపిస్తుంది. పచ్చరంగే ఎందుకంటే, మనిషి చర్మంలో ఆ ఛాయ తక్కువ. పైగా డిజిటల్ కెమెరాలో ప్రతి నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చను పట్టేవే ఉంటాయి. కొడాక్ ఇంజనీరు బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన అమరిక అది.

నేల మీద సుద్దముక్కతో

తెర దాచేసే సంగతి ఒకటుంది. అది కొలత. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఒకే గదిలో రెండు చిత్రాలున్నాయి. ‘మోనాలిసా’ ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. ఎదురు గోడ మీద వెరొనీజ్ గీసిన పెళ్లివిందు చిత్రం ఎత్తు 6.77 మీటర్లు, వెడల్పు 9.94. తెర మీద రెండూ ఒకే సైజు. ఒకటి ఒళ్లో పెట్టుకునేది, రెండోది రెండంతస్తుల ఇంటి గోడంత అని బొమ్మ చెప్పదు.

దీన్ని సరిచేయడానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. పాఠానికి ముందే బడికి ఒక కాగితం పంపుతారు: చిత్రం కొలతలు ఇవీ, నేల మీద సుద్దముక్కతో గీయండి. ‘నైట్ వాచ్’ దాదాపు 3.8 మీటర్ల ఎత్తు, 4.5 మీటర్ల వెడల్పు. తరగతిలో బెంచీలన్నీ పక్కకు జరిపితే తప్ప పట్టదు. ఆ గీతల లోపల పిల్లలు నిలబడితే, చిత్రంలోని కాపలాదళం ఎంత పొడుగో ఒంటికి తెలుస్తుంది. కొన్ని మ్యూజియాలు నమూనా వస్తువుల పెట్టెను ముందుగా పోస్టులో పంపుతాయి. తెర మీద అసలు వస్తువు, చేతిలో దాని నకలు. బరువు, గరుకుదనం, చల్లదనం వీడియోలో రావు, పెట్టెలో వస్తాయి.

ఇలాంటి పాఠాల వల్ల పిల్లలకు మిగిలేదేమిటి? మ్యూజియం సందర్శన మీద జరిగిన ఒక పెద్ద పరీక్ష కొంత దారి చూపిస్తుంది. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ అనే చిన్న పట్టణంలో 2011లో క్రిస్టల్ బ్రిడ్జెస్ కళా మ్యూజియం తెరుచుకుంది. చూడటానికి బడుల దరఖాస్తులు కుప్పలు పడటంతో లాటరీ వేశారు. లాటరీ ఉంటే శాస్త్రవేత్తలకు పండగ. వెళ్లినవాళ్లనూ వెళ్లనివాళ్లనూ పోల్చడానికి అంతకన్నా న్యాయమైన దారి లేదు. ఆర్కాన్సా విశ్వవిద్యాలయ పరిశోధకులు 123 బడుల్లో దాదాపు 11,000 మంది విద్యార్థులను పరీక్షించారు. బానిసల శ్రమతో తయారయ్యే పంచదారకు పోటీగా మేపుల్ చెట్టు పాకం కాస్తున్న బానిసత్వ వ్యతిరేకుల చిత్రం ఒకటి అక్కడ ఉంది. చూసినవాళ్లలో 88 శాతం మంది వారాల తరవాత కూడా ఆ సంగతి గుర్తుపెట్టుకున్నారు. ముందెన్నడూ చూడని చిత్రాన్ని ఇచ్చి రాయమంటే, వెళ్లొచ్చిన పిల్లలు ఎక్కువ గమనించి రాశారు. పల్లెటూరి పిల్లలకూ పేద పిల్లలకూ మేలు మిగతావాళ్లకన్నా ఎక్కువగా జరిగింది.

అది కాళ్లతో నడిచి వెళ్లిన సందర్శన. తెర మీది పాఠానికి అంతే ఫలితం ఉంటుందని దాన్ని పట్టుకుని చెప్పలేం. కానీ ఎవరికి ఎక్కువ మేలు జరిగిందో చూస్తే, బస్సు కట్టించుకోలేని బడికే ఈ పాఠం ముందు చేరాలని తెలుస్తుంది. 2020లో కోవిడ్ వల్ల ప్రపంచంలో 90 శాతం మ్యూజియాలు, అంటే 85,000కు పైగా, మూతపడినట్టు యునెస్కో లెక్కగట్టింది. అప్పుడు మొట్టమొదటిసారి అందరూ ‘బస్సు లేని బడి’ అయ్యారు. తెర మీద పాఠం చెప్పడం నేర్చుకోక తప్పని పరిస్థితి ప్రతి మ్యూజియానికీ వచ్చింది.

గుంపంతా విన్నది, ఎవరూ అడగలేదు

తెలుగు పల్లెలకు తెర మీద పాఠం కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో ‘సైట్’ అనే ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ వెళ్లింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్లకు తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. కోళ్ల గూటికి వాడే ఇనుప వలతో చేసిన గొడుగులాంటి యాంటెనా కింద ఊరంతా కూర్చుని చూసింది. ఆ రోజుల్లో అది మహా విజయం. దాని దారి మాత్రం ఒకవైపే. చూసినవాళ్లకు వచ్చిన సందేహం ఆ గొడుగులోంచి పైకి వెళ్లలేదు.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ రాకెట్ మీద ఎడ్యుశాట్ ఎగిరింది. పూర్తిగా చదువు కోసమే కట్టిన ఉపగ్రహం. దానితో తరగతి గది నుంచి తిరుగు ప్రశ్న అడిగే ఏర్పాటు వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ, తరవాత తెలంగాణలో టీ-శాట్ ఆ బాటలోనే నడిచాయి. 2020 సెప్టెంబరులో బడులు మూతపడి ఉన్నప్పుడు తెలంగాణ పిల్లలకు పాఠాలు దూరదర్శన్ మీదా, టీ-శాట్ మీదా వచ్చాయి. గణితం, సైన్సు, భాష... సిలబస్ పాఠాలకు ఈ యంత్రాంగం అలవాటైపోయింది. మ్యూజియం వస్తువు ముందు నిలబడి పిల్లలతో మాట్లాడటానికి కూడా ఇదే యంత్రాంగం సరిపోతుంది.

సరుకు మన దగ్గర కొదవ లేదు. నాగార్జునకొండ మ్యూజియం కృష్ణానదిలో ఒక దీవి మీద ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వకాల్లో దొరికిన ఇక్ష్వాకుల నాటి శిల్పాలను, నాగార్జునసాగర్ నీళ్లు ముంచేయకముందే కొండమీదికి చేర్చి 1966లో మ్యూజియం కట్టారు. అక్కడికి లాంచీలో తప్ప వెళ్లే దారి లేదు. గాలి, నీటిమట్టం ఒప్పుకోని రోజు అదీ లేదు. అక్కడి వస్తువుల ఫోటోలు, వివరాలు సీ-డాక్ అనే ప్రభుత్వ సంస్థ నిర్మించిన ‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’ పోర్టల్‌లో చాలాకాలంగా ఉన్నాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం వస్తువులు కూడా అందులోనే ఉన్నాయి. అంటే వీడియో కాల్‌లోని ఆ రెండో మార్గానికి కావలసిన నిశ్చల చిత్రాలు సిద్ధం. మొదటి మార్గంలో నిలబడే మనిషి కావాలి.

సాలార్‌జంగ్‌లో కొన్ని వస్తువులు ప్రత్యక్ష కెమెరా కోసమే పుట్టినట్టు ఉంటాయి. గంట గంటకూ లోపలి నుంచి చిన్న బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టిపోయే గడియారం ముందు రోజూ జనం గుమికూడతారు. ఆ ఎదురుచూపు ఫోటోలో రాదు. శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన ‘మేలిముసుగు రెబెకా’ పాలరాతి ముసుగు, కెమెరా మెల్లగా కదిలినప్పుడే పల్చటి బట్టలా మారుతుంది. ఇక ఒకే చెట్టు మానులో ముందు మెఫిస్టోఫిలిస్‌నూ వెనక మార్గరెట్టానూ చెక్కిన జంట శిల్పం. వెనక అద్దం పెట్టారు. ముందు ఠీవిగా నిలబడ్డ సైతానును చూపించి, ‘ఇతని వీపు ఎలా ఉంటుందో చెప్పండి’ అని పిల్లలను అడిగి, జవాబులన్నీ వచ్చాక కెమెరాను అద్దం వైపు తిప్పాలి.

అలా రెండు ముఖాలున్న రాయి ఒకటి ఇంకా దూరాన ఉంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపపు శిల్పాలు వందకు పైగా ఉన్నాయి. అన్నీ పల్నాటి సున్నపురాయి. వాటిలో ఒక పలకకు ఒక పక్క క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు చెక్కడం: బోధివృక్షం, కింద ఖాళీ సింహాసనం, చుట్టూ మొక్కుతున్న జనం. మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక అదే రాయిని తిప్పి, రెండో పక్క స్తూపాన్నే చెక్కారు. ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, పైన గుండ్రటి అండం. స్తూపం ఇవాళ నిలిచి లేదు కాబట్టి, అది ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యాల్లో ఆ పలక ముఖ్యమైనది.

ఆ మ్యూజియం ఉదయం పదింటికి తెరుస్తారు. చలికాలంలో అప్పుడు మనకు మధ్యాహ్నం మూడున్నర, ఎండాకాలంలో రెండున్నర. అమరావతి ఊరి బడిలో మధ్యాహ్నం పీరియడ్ల వేళ. అక్కడి నుంచి ఇక్కడికి ఒక పాఠం పెడితే, మొదట ఖాళీ సింహాసనం చూపించి ఎవరు కూర్చోవాల్సిన చోటో ఊహించమనవచ్చు. తరవాత కెమెరా పట్టుకుని రాయి చుట్టూ నడిచి రెండో ముఖం చూపించవచ్చు. పిల్లలు తమ ఊరి దిబ్బను గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టదు. ఇక ఆ మాట ఎవరో ఒకరు అడిగి తీరతారు: ఇది మన అమరావతిది కదా, అక్కడికి ఎలా వెళ్లింది?

దానికి జవాబులో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కడుతూ దిబ్బలో రాళ్లు తవ్వించడం ఉంది, సర్వేయరు కాలిన్ మెకంజీ గీయించిన పటాలున్నాయి, 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన పలకలున్నాయి, 1859లో వాటిలో కొన్ని ఎక్కిన ఓడ ఉంది, 1880లో బ్రిటిష్ మ్యూజియం రికార్డుల్లో పడిన అంకెలున్నాయి. రికార్డు చేసిన వీడియో అయితే ఇందులో ఎంత చెప్పాలో, ఎంత దాటేయాలో ముందే తేల్చుకుని వస్తుంది. ఇక్కడ ప్రశ్న లండన్ చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది. తరవాత తరగతి గదంతా నిశ్శబ్దంగా, కెమెరా ముందు నిలబడ్డ మనిషి ముఖంలోకి చూస్తుంది.